రంగు చూసి పంపిన కార్డులు

"ఈ నెల ఎవురమ్మా మాట్లాడేది?"

"మీరే సార్."

"అట్లయితే ఒక్కడూ రాడు. కుర్చీలు వెయ్యబాక."

మా సెక్రటరీ సారుకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆయన జబ్బుపడి మంచం మీద ఉన్నారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. నవ్వితే ఆయనకు దగ్గు వచ్చేది, అయినా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వారానికి కబురు వచ్చింది. ఏడవలేదని కాదు, ఏడ్చాను. కానీ ఒక మనిషితో నవ్వుకుంటూ విడిపోయాననే తృప్తి ఉంది చూశారా, అది అందరికీ దొరకదు. నా మొగుడితో ఆఖరుగా ఏం మాట్లాడానో నాకు గుర్తే లేదు. కిరసనాయిలు గురించి అయి ఉంటుంది.

ఆ సారు దగ్గర నేను పనిచేసింది మైలాపూరులో ఒక చిత్రశాలలో. పాత బంగళా, ముందు రెండు వేపచెట్లు, లోపల పెద్ద హాలు. మేమంతా గ్యాలరీ అనేవాళ్ళం. నేను అక్కడ అటెండరుని. తలుపులు తీయడం, ఊడ్చడం, పటాల చట్రాలు తుడవడం, వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడం, పోస్టు వేయడం. పద్దెనిమిదేళ్ళు చేశాను. అందులో ఒకే ఒక్క శనివారం గురించి చెబుతాను. కొత్తగా పనుల్లో చేరే పిల్లలకు పని ఎలా చేయాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పని చెడగొట్టినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేను. నేనేం చేశానో మాత్రం చెబుతాను.

చెప్పడం నాది, రాయడం మా మరిది కూతురిది. తొండియార్‌పేటలో తెలుగు బడిలో టీచరు. నేను మా ఇంటి మాటల్లో చెబుతుంటే అది బడి తెలుగులోకి దిద్దుకుంటూ రాస్తోంది. మధ్యమధ్యలో పెన్ను ఎత్తి, "ఇది కూడా రాయాలా పెద్దమ్మా?" అంటోంది. రాయమంటున్నాను.

ఎందుకు అడుగుతోందంటే, నేను ఆ ఉద్యోగంలో అబద్ధం చెప్పి చేరాను.

నా మొగుడు వడ్రంగి. ఆ గ్యాలరీకి పటాల చట్రాలు కట్టేవాడు. కామెర్లు వచ్చి పోయాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, అత్త, నేను. నెల తిరక్కుండా సెక్రటరీ సారు కబురు పెట్టారు. వెళ్ళాను. ఆయన ఏదో కాగితం చూసుకుంటూ, తల ఎత్తకుండా, "సదువు యాడిదాకా?" అన్నారు.

"అయిదు దాకా సార్."

"సరి. రేప్పొద్దున రా."

నేను బడికి వెళ్ళింది మూడు నెలలు. తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకునే పని పడింది, బడి అయిపోయింది. అంకెలు వచ్చు. బస్సు నంబర్లూ తూకంరాళ్ళూ చూసి నేర్చుకున్నాను. అక్షరాలు మాత్రం ఏ భాషవైనా నాకు గోడ మీద పాకే చీమల్లాగే కనబడేవి.

అయినా ఆరేళ్ళు ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. ఏ ఫైలు ఏదో అంచుల నలుగుడు చూసి చెప్పేదాన్ని. ఎవరైనా చదవమంటే, "కళ్ళజోడు ఇంట్లో పెట్టొచ్చినా" అనేదాన్ని. నాకు కళ్ళజోడే లేదు. మా ఆఫీసులో ఒక టైపిస్టు అమ్మాయి ఉండేది, తెలుగు పిల్లే, నోరు ఊరుకోదు. "అక్కా, ఒక్కసారన్నా ఆ కళ్ళజోడు తెచ్చి చూపించు. దండేసి మొక్కుతా" అనేది. నేను చీపురు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయేదాన్ని. దానికి తెలుసో, ఊరికే అనేదో ఈరోజుకీ తెలియదు.

ఆ గ్యాలరీలో నెలకొకసారి, రెండో శనివారం సాయంత్రం ఆరు గంటలకు సభ జరిగేది. ఒక నెల రచయిత వచ్చి మాట్లాడతారు, ఒక నెల చిత్రకారుడు. అరవంలో, ఇంగ్లీషులో, అప్పుడప్పుడు తెలుగులో. నాకు సగం అర్థమయ్యేది కాదు గానీ మనుషులు అర్థమయ్యేవారు. రచయితలు రాగానే ఎంతమంది వచ్చారని అడుగుతారు. చిత్రకారులు ఆ మాట అడగరు, గోడకున్న పటం వంకరగా ఉందేమో చూస్తారు. రచయితలు నీళ్ళు ఎక్కువ తాగుతారు. చిత్రకారులు గ్లాసు తీసుకుని ఎక్కడో పెట్టి మర్చిపోతారు. సభ అయ్యాక గ్లాసులు వెతుక్కోవడం నా పని.

ప్రతి సభకూ కార్డులు అచ్చు వేయించేవారు. టైపిస్టు పిల్ల కవర్ల మీద చిరునామాలు కొడుతుంది. నేను కార్డులు కవర్లలో పెట్టి, స్టాంపులు అంటించి, వీధి మలుపులో ఉన్న డబ్బాలో వేస్తాను. ఇక్కడే నాకు చిక్కు వచ్చేది. ప్రెస్సువాళ్ళు ఎప్పుడూ మూడొందలు అచ్చు వేసేవారు. మేము పంపేది నూటయిరవై. మిగిలినవి సారు పారేయనివ్వరు, వెనక వైపు ఏవో రాసుకునేవారు. పాత కట్టలూ కొత్త కట్టలూ అన్నీ ఒకటే సైజు, అన్నీ తెలుపు. ఏది ఏ నెలదో నాకెలా తెలుస్తుంది?

అందుకని ఒక రోజు ధైర్యం చేసి, "సార్, నెలకొక రంగు కాగితం మీద వేయిస్తే సూసేదానికి బాగుంటుంది గదా" అన్నాను.

సారు పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు. "ఏమమ్మా, నీకు ఇట్లాంటి ఆలోచన వస్తుందని నేను అనుకోలేదే!"

ఆ రోజు నుంచీ గులాబీ, నీలం, ఆకుపచ్చ, పసుపు, మళ్ళీ గులాబీ. కమిటీవాళ్ళు వచ్చినప్పుడల్లా సారు నన్ను పిలిపించి, "ఈ రంగుల ఏర్పాటు ఈమెది. బొమ్మల మధ్య తిరిగితే కన్ను ఎట్లా తయారవుతుందో సూడండి" అని చెప్పేవారు. నేను కొంగు సర్దుకుని నిలబడేదాన్ని. నా కన్ను ఎందుకు తయారైందో నాకే తెలుసు.

ఇక ఆ శనివారం దగ్గరికి వస్తాను.

ఆ నెల మాట్లాడవలసినవాడు ఒక ముసలి చిత్రకారుడు. గోడలకు తగిలించే బొమ్మలు కాదు, వారపత్రికలో సీరియల్ కథలకు బొమ్మలు వేసినవాడు. మద్రాసులోనే ఒక తెలుగు వారపత్రికలో నలభై ఏళ్ళు వేశాడు. పత్రిక మూతపడ్డాక తాంబరం అవతల ఎక్కడో ఇంట్లో ఉండిపోయాడు. ఆయన్ని వెతికి పట్టుకున్నది మా సారే. కమిటీలో కొందరికి ఇష్టం లేదు. కథల బొమ్మలకు సభ ఏమిటన్నారు. సారు పట్టుబట్టారు.

ఆ వారం టైపిస్టు పిల్ల వాళ్ళక్క పెళ్ళికని సెలవు పెట్టింది. కవర్ల మీద చిరునామాలు కొట్టి పెట్టే వెళ్ళింది. సారు కూడా తమ్ముడికి ఒంట్లో బాగాలేదని వేలూరు బయలుదేరుతూ, "ప్రెస్సు నుంచి కార్డులు వచ్చిండాయి. నా బల్ల మీద పెట్టినా. కవర్లలో పెట్టి ఈ రోజే పోస్టులో ఏసెయ్" అన్నారు.

బల్ల మీద రెండు కట్టలు ఉన్నాయి. ఒకటి గులాబీ, ఒకటి పసుపు. పోయిన నెల పసుపు పంపాను, బాగా గుర్తుంది. పసుపు తర్వాత గులాబీ కదా. కాబట్టి గులాబీ కొత్తది, పసుపు పోయిన నెల మిగిలింది. ఇంతకంటే సరైన లెక్క ఎవరు వేస్తారు చెప్పండి? పసుపు కట్టను తీసి బీరువాలో పెడుతుంటే పచ్చి సిరా వాసన వచ్చింది. ముక్కు చెప్పింది, నేను వినలేదు. నూటయిరవై గులాబీ కార్డులు కవర్లలో పెట్టి డబ్బాలో వేసి వచ్చాను. ఆ వారమంతా నేను ఎంత నిశ్చింతగా ఉన్నానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శనివారం మధ్యాహ్నం మూడున్నరకే ఆ పెద్దాయన వచ్చేశాడు. చేతిలో పాత దుప్పటిలో చుట్టిన మూట, సభలో చూపించడానికి తెచ్చుకున్న ఏవో పాత బొమ్మలు. కొత్త చొక్కా, కొట్లో పెట్టిన మడతలు కూడా పోలేదు. హాల్లో నేను కుర్చీలు వేస్తున్నాను.

"ఎవురూ రాలేదామ్మా?"

"ఆరు గంటలకి గదా సార్."

"ఆమా, అవునమ్మా. నేనే తొందరగా వచ్చినా. ఇంట్లో ఉండలేకపోయినా." మూట ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. కాసేపటికి, "అమ్మా, నా సభ కార్డు ఒకటి ఇస్తావా? మాకు వేరేగా పంపలేదులే. మా ఆడమనిషికి చూపించాల. నన్ను మాట్లాడమని పిలిచినారంటే నమ్మలేదు" అన్నాడు.

లోపలికి వెళ్ళి కట్టలోంచి ఒక గులాబీ కార్డు, ఒక గ్లాసు నీళ్ళు తెచ్చాను. కార్డు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకుని చదివాడు. తిప్పి వెనక చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఇది నాది కాదమ్మా."

"మీదే సార్."

"నా పేరు లేదే ఇందులో. ఎవురో రచయిత్రిది. నాలుగు నెలల కిందటిది."

నీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉంది. దాన్ని ఆయనకివ్వాలో, కింద పెట్టాలో తెలియలేదు. తాగేశాను. గ్లాసు కుర్చీ మీద పెట్టి, పరిగెత్తి వెళ్ళి బీరువాలోంచి పసుపు కార్డు తెచ్చాను. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. పుట్టినప్పటి నుంచీ ఎవరితోనూ అనని మాట.

"ఇది సదివి చెప్పండి సార్."

ఆయన చదివాడు. ఆయన పేరు, ఈ రోజు తేదీ, సాయంత్రం ఆరు గంటలు, అందరూ రావాలి. చదివి కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు.

"ఎన్ని పంపినావమ్మా?"

"నూటయిరవై."

"అన్నీ గులాబీవేనా?"

"అన్నీ."

"కనీసం పొరపాటున ఒకటి రెండన్నా ఈ పసుపువి వేసుండకూడదా!" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఒళ్ళోని మూట ముడి విప్పాడు, మళ్ళీ కట్టాడు. "పత్రిక మూసేసినప్పుడు గూడా నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. ఈ వారమంతా అద్దం ముందర నిలబడి మాట్లాడుకున్నా. మా ఆడమనిషి పిచ్చి పట్టిందనింది." అంతే అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేను వాకిట్లో కూర్చుని ఏడ్చి ఉందును, అక్కడితో అయిపోయేది.

వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. అరవాయన. నన్ను పక్కకు పిలిచి, "తబాల్‌కారన్ మేల పోట్టుడు" అన్నాడు. నేరం పోస్టుమన్ మీద తోసెయ్యమని. మంచి సలహానే. పోస్టు ఆలస్యం కావడం మద్రాసులో కొత్తేమీ కాదు, సారు నమ్ముతారు. ఉద్యోగం నిలుస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇల్లు, వేరే సంపాదన లేదు. ఆ మాట నేను మనసులో దాచి పెట్టుకున్నాను కూడా. అబద్ధం ఎందుకు?

కానీ ముందు ఆ ముసలాయన ఉన్నాడు కదా, కొత్త చొక్కా వేసుకుని. ఆయనకేం చేయాలి?

మా గ్యాలరీలో వచ్చినవాళ్ళు సంతకం చేసే పుస్తకం ఒకటి ఉండేది. చాలామంది పేరు పక్కన ఫోను నంబరు రాసేవారు. నంబర్లు నేను చదవగలను. పేర్లు చదవలేను. ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, మీకు సదవను వచ్చు గదా?" అన్నాను.

"ఏదో వచ్చు."

"నాకు ఫోను తిప్పను వచ్చు. రండి."

సారు గదిలో ఫోను ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆయన పేరు చదువుతాడు, నేను నంబరు తిప్పి ఆయన చేతికి ఇస్తాను. మొదటిసారి ఆయన రిసీవరును అరచేత్తో మూసి నా వైపు తిరిగాడు. "నా సభకు నేనే పిలిచేదా? ఏమని చెప్పేది?"

"మీరని చెప్పబాకండి. గ్యాలరీ నుంచి అని చెప్పండి."

రెండు ఫోన్లకే ఆయనకు గొంతు కుదిరింది. "గ్యాలరీ నుంచి మాట్లాడతా ఉండాం సార్. ఈ రోజు ఆరు గంటలకి ఒక బొమ్మల ఆయన మాట్లాడతాడు. ఆ, వారపత్రికలో వేసేటోడు. కార్డు సరిగ్గా రాలేదా? మా అటెండరు కొంచెం..." అని నా వైపు చూసి, "కొంచెం తొందరపడింది" అన్నాడు.

కొందరు ఎత్తలేదు. కొందరు ఊళ్ళో లేరు. ఒకాయన, "మీ కార్డు వచ్చింది, నాలుగు నెలల ముందు సభకు ఇప్పుడు పిలుస్తున్నారేమని ఇంట్లో నవ్వుకున్నాం" అన్నాడట. ఇంకొకాయన గట్టిగా అరిచాడు, పక్కనున్న నాకు కూడా వినబడింది.

"ఎవురూ? ఆయన ఇంకా బతికుండాడా?"

పెద్దాయన తడుముకోలేదు. "ఇప్పటిదాకా ఉండాడండి. ఆరింటికి గూడా ఉంటాడనే అనుకుంటా ఉండాం."

ఫోను పెట్టి నవ్వాడు చూడండి, కళ్ళజోడు జారిపోయేలా. నేనూ నవ్వాను. నా ఉద్యోగం పోయే రోజు, ముసలాయన పరువు పోయే రోజు, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం. వాచ్‌మన్ తొంగి చూసి తల కొట్టుకున్నాడు.

మధ్యలో ఎంగేజ్ వస్తే ఊరికే కూర్చునేవాళ్ళం. అప్పుడు ఆయనతో చెప్పాను. నా మొగుడు చట్రాలకు చుట్టడానికి పాత వారపత్రికలు కట్టలు కట్టలు తెచ్చేవాడు. వాటిలో ఒక సీరియల్ బొమ్మలు నేను వరుసగా చూశాను. కిటికీ దగ్గర నిలబడిన ఒక ఆడమనిషి, వీధిలో గొడుగు పట్టుకున్న ఒక మగమనిషి. వారం వారం ఆ గొడుగాయన వస్తాడు, లోపలికి రాడు.

"వాడు ఆమె అన్న గదా సార్? పుట్టింటికి పిలుచుకుపోయేదానికి వస్తాడు. మొహం సెల్లక లోపలికి రాడు. అంతే గదా కత?"

ఆయన రిసీవరు పట్టుకునే తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. వాడు ఇల్లు ఖాళీ చేయించేదానికి వచ్చే మనిషి. దుర్మార్గుడని రాసిండాడు రచయిత."

"దుర్మార్గుడి మొగం అట్ల ఉంటుందా?"

"అదేనమ్మా నేను చేసిన తప్పు! కత చదివితే నాకు వాడి మీద కోపం రాలా. పొట్టకోసం వచ్చినోడు గదా అనిపించింది. మొగం మెత్తగా వేసినా. ఎడిటరు మూడుసార్లు తిట్టినాడు, చదవకుండా బొమ్మ వేస్తావా అని." రిసీవరు కింద పెట్టి, "చదవని మనిషికి కనబడిందే అది" అన్నాడు. పెళుసుగా అనలేదు. ఎవరో ఆయన పోగొట్టుకున్న వస్తువు తెచ్చి ఇచ్చినట్టు అన్నాడు.

అయిదున్నరకు సెక్రటరీ సారు స్టేషను నుంచి సంచీతో సహా నేరుగా వచ్చారు. తన కుర్చీలో నేను, పక్కన సభలో మాట్లాడవలసిన మనిషి, చేతిలో ఫోను. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది ఇది?"

పెద్దాయన గబుక్కున లేచాడు. "ఏం లేదు సార్. పోస్టు ఆలస్యమైనట్టుంది. నేనే కూర్చోలేక రెండు ఫోన్లు చేద్దామని..."

నా కోసమే అన్నాడు ఆ మాట. వాచ్‌మన్ నాకిచ్చిన మాటే, ఇంకా నమ్మదగిన నోటి నుంచి వచ్చింది. నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు ఆరేళ్ళుగా బాగా అలవాటైన పని. కానీ నా తప్పుకు అంత పెద్దమనిషి అబద్ధం ఆడుతూ నిలబడితే చూడలేకపోయాను.

"పోస్టు కాదు సార్. నేనే. పాత కార్డులు పంపినా. గులాబీ రంగు సూసి కొత్తవనుకున్నా."

"రంగేంది? గులాబీ కాగితం లేదని ప్రెస్సువాడు ఈసారి గూడా పసుపు మీదే ఏసినాడు, ఆ గులాబీవి నేను వెనక రాసుకునేదానికి పెట్టుకున్నవి. అయినా మీద రాసుందిగదా."

"నాకు సదవను రాదు సార్. అయిదు దాకా సదివినానని అబద్ధం చెప్పినా."

సారు సంచీ కింద పెట్టారు. తర్వాత ఆయన అడిగింది నేను అనుకున్నది కాదు.

"మరి ఆ రంగుల ఏర్పాటు?"

"దీనికే సార్. ఏ నెలదో తెలియాలని."

"నేను అందురికీ చెప్పుకున్నానే!" అన్నారు. ఆయన మొహంలో కోపం కంటే అవమానం ఎక్కువ కనిపించింది. "ఇప్పుడు పని సూడు. సోమవారం మాట్లాడతా."

సభకు పద్నాలుగు మంది వచ్చారు. ఇంకా బతికుండాడా అని అరిచినాయన కూడా వచ్చాడు, భార్యతో. ఆమె చేతిలో ఒక బైండు పుస్తకం. ఆ రోజుల్లో ఆడవాళ్ళు సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచుకుని, అయిపోయాక బైండు చేయించుకునేవారు. అది ఆ గొడుగాయన సీరియలే. పత్రిక ఆఫీసులో ఆ బొమ్మల అసలు కాగితాలు ఎప్పుడో చెత్తలో పోయాయట. ఆ బొమ్మలన్నీ ఒకచోట పెద్దాయన చూడటం అదే మొదటిసారి. ఆమె పక్కన నిలబడి ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే, ఆయన మాట్లాడవలసిన మనిషినని మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు. సారు దగ్గి గుర్తు చేయవలసి వచ్చింది.

అద్దం ముందు నేర్చుకున్నది ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. గొడుగాయన ముఖం గురించి చెప్పాడు. ఎడిటరు తిట్లు చెప్పాడు. ఒక పాఠకురాలు ఆ ముఖం చూసి కథనే మార్చుకుందని చెప్పాడు. ఆ బైండు పుస్తకం తెచ్చిన ఆమె లేచి, "ఆ, నాకూ వాడి మీద జాలే! రచయితకే తెలీలేదు" అంది. హాలంతా నవ్వింది. నేను వెనక గోడ దగ్గర నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరా పాఠకురాలని అడిగితే, "పేరు రాసివ్వలేదండి" అన్నాడు.

సోమవారం ఎలా వెళ్ళానో నాకు తెలుసు. మా అత్తతో చెప్పే వెళ్ళాను, ఈ రోజుతో పని అయిపోవచ్చని. సారు గదిలోకి పిలిచి, తలుపు వేయమన్నారు.

"ఆరేళ్ళు నా ముందర నటించినావు."

"అవును సార్."

"నాకు కోపం వచ్చింది. నిన్న గూడా ఉండింది." బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దారు. "ఇంగ్లీషులో పెద్ద పెద్ద వాళ్ళు వచ్చి మాట్లాడతారు సూడు. నేను ముందు వరుసలో కూర్చుని తలకాయ ఊపుతా ఉంటా గదా?"

"అవును సార్."

"నాకు సగం అర్థం కాదు."

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఆయనే ముందు నవ్వారు.

"పని నుంచి తీసేయడం లేదు. శిక్ష మాత్రం ఉండాది. ఈ నెల నుంచి తెల్ల కార్డులే. అడిగి, చదివించుకుని, అప్పుడు పోస్టు చెయ్యి. కమిటీవాళ్ళు రంగులేవని అడిగితే నేను ఏదో చెప్పుకుంటాలే."

చిన్న శిక్షలా ఉంది కదూ మీకు? ఆ నెల తెల్ల కార్డుల కట్ట పట్టుకుని టైపిస్టు పిల్ల బల్ల ముందు ఎంతసేపు నిలబడ్డానో. రెండుసార్లు వెనక్కి తిరిగి వచ్చాను. మూడోసారి, "పాపా, ఇది సదివి చెప్పు. నాకు రాదు" అన్నాను. అది కళ్ళజోడు మాట ఎత్తుతుందని ఎదురుచూశాను. ఎత్తలేదు. టైపు కొట్టడం ఆపి, పై నుంచి కింద దాకా, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరుతో సహా చదివింది. చదివి, "చాలా అక్కా?" అని మళ్ళీ టైపు కొట్టుకుంది. అంతే. ఆరేళ్ళు నేను భయపడింది ఆ కాసేపటికి.

తర్వాత అది నాకు అక్షరాలు నేర్పాలని చూసింది. నా పేరు రాయడం వచ్చింది, సంతకం వచ్చింది, కొన్ని కొట్ల బోర్డులు వచ్చాయి. అంతకుమించి ఎక్కలేదు. కానీ పన్నెండేళ్ళు ప్రతి నెలా కార్డు చదివించుకున్నాను. వచ్చేది ఎవరు, దేని గురించి మాట్లాడతారు, అన్నీ ముందే తెలిసేవి. వాచ్‌మన్ నన్నే అడిగేవాడు. మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళను, "మీ పుస్తకం దేని గురించి సార్?" అని అడిగితే, వాళ్ళు ఎంతమంది వచ్చారని అడగడం మానేసి చెప్పేవారు. ఆ పెద్దాయన ఆ తర్వాత రెండు సభలకు వచ్చాడు, వినడానికి. వాళ్ళ ఆడమనిషిని కూడా తెచ్చాడు.

ఇంతే నేను చెప్పాలనుకున్నది. ఉద్యోగం పోలేదు, పింఛను లేదు, పశ్చాత్తాపం లేదు. పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి. బాగానే ఉన్నాను.

మా మరిది కూతురు ఇప్పుడు పెన్ను పెట్టి, "పెద్దమ్మా, ఆ అయిదు దాకా సదివినానని చెప్పిన సంగతి తీసేద్దామా? అందురూ చదువుతారు గదా" అంటోంది.

వద్దే పాపా. అది తీసేస్తే ఇంక ఏముంటుంది ఇందులో? రాసింది రాసినట్టే ఉండనియ్. ఏదీ, ఆ కాగితాలు ఇట్లా తిప్పు. మొదటినుంచి సదివి వినిపించు, నిదానంగా. ఆ అబద్ధం చెప్పిన చోటు వచ్చినప్పుడు గొంతు తగ్గించబాక.